మీకు తెలుసా? సీడీ డ్రైవ్ ఎందుకు హోరెత్తుతుంది

పాటల సీడీ మామూలుగా నిమిషానికి 200 నుంచి 500 చుట్లే తిరుగుతుంది. అదే డిస్కును కంప్యూటర్‌లోని 52ఎక్స్ డ్రైవ్ 10,000 చుట్ల దాకా తిప్పగలదు. అప్పుడు డిస్కు అంచు వేగం గంటకు 220 కిలోమీటర్లు దాటుతుంది! గాలిని చీల్చుకుంటూ తిరగడం వల్లే ఆ హోరు.

డ్రైవ్ అదురుతుంటే మాత్రం ముందు డిస్కును చూడండి. కాగితం లేబుల్ కాస్త పక్కకు అంటుకున్నా చాలు, తూకం తప్పుతుంది. పగులు కనిపిస్తే అసలు పెట్టొద్దు, ఆ వేగానికి లోపలే ముక్కలైపోవచ్చు.

పాట వినడానికైనా, డీవీడీలో సినిమా చూడటానికైనా నిజానికి 1ఎక్స్, అంటే మామూలు వేగం సరిపోతుంది. లినక్స్‌లో ఎజెక్ట్ కమాండ్‌తోనే వేగానికి హద్దు పెట్టొచ్చు. డిస్కు మార్చగానే కొన్ని డ్రైవ్‌లలో ఆ హద్దు పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.