స్టాంపు లేని కవరు పారేయకండి

పిల్లలు పాత కవర్ల నుంచి స్టాంపు కత్తిరించుకుని మిగతాది పారేస్తారు. యుద్ధఖైదీల ఉత్తరాలు సేకరించేవారికి ఆ మిగతాదే ముఖ్యం. 1929 జెనీవా ఒప్పందం ఖైదీల ఉత్తరాలకు తపాలా రుసుము లేకుండా చేసింది. అందుకే వాటిలో చాలావాటిపై స్టాంపు ఉండదు. శిబిరం పేరు, సెన్సారు ముద్ర ఉంటాయి. కథంతా అక్కడే.

మన రాష్ట్రంలోనూ రెండో ప్రపంచ యుద్ధంలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్), దేవలాలీల్లో అలాంటి శిబిరాలుండేవి. ఆస్ట్రియా పర్వతారోహకుడు హైన్‌రిష్ హారర్‌ను ఆ రెండుచోట్లా ఉంచారు. తర్వాత 1944లో ఆయన డెహ్రాడూన్ శిబిరం నుంచి తప్పించుకుని టిబెట్ చేరాడు. 1942లో మన పట్టాభి సీతారామయ్యను నెహ్రూతో పాటు బంధించిందీ అహ్మద్‌నగర్ కోటలోనే.

ధారావి, కామాటిపురాల్లో గదులు ఖాళీ చేసేటప్పుడు రేకుపెట్టెలోని ఉత్తరాలు రద్దీవాడికి పోతున్నాయి. పాలమూరు నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటరైనా సరే, ముక్క కత్తిరించవద్దు, టేపు వేయవద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎవరు ఎవరికి రాశారో నాయనమ్మనడిగి విడి కాగితంపై రాయించి, ఉత్తరంతో పాటు దాచండి.