మేడ వేసే ముందు పక్కింటి హద్దు చూసుకోండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి ఇంకో రెండు గదులు కలిపి చూడమని కూడా అని ఉండాల్సింది. కొత్త లేఅవుట్లో కట్టుకునేవారికి పక్క స్థలం ఖాళీగానే ఉంటుంది. మనవాళ్లు తరతరాలుగా ఉంటున్నవి పాత వీధులు. గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. కొడుక్కి పెళ్లయింది, పైన ఒక గది వేద్దాం అనుకున్న రోజే పక్కింటివాళ్లతో పని పడుతుంది.

హోసూరులో మా సంఘానికి ఈ విషయమై ఫోన్లు వస్తూనే ఉంటాయి. చాలామంది మొదట చెప్పే మాట ఒక్కటే: "మనం తెలుగువాళ్లమని చూసి ఇలా చేస్తున్నారు సార్." నాలుగు ప్రశ్నలు వేస్తే అసలు సంగతి బయటికొస్తుంది. పునాది గుంట పక్కింటి మట్టిగోడకు జానెడు దూరంలో తవ్వారు. లేదా సన్‌షేడ్ అవతలి స్థలం మీదికి అడుగు జరిగింది. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా ఇలాంటి అర్జీలు ఎన్నో ఫైలు చేసినవాణ్ని. ఇరుపక్కలా తమిళులే అయినా, ఇరుపక్కలా తెలుగువాళ్లే అయినా అర్జీలో ఉండేది హద్దు, చూరు నీళ్లు, వెలుతురు, గోడ పగులు. భాష మధ్యలో వచ్చి చేరుతుంది. ఒకసారి చేరిందంటే అడుగు గోడ తగాదా వీధి తగాదా అవుతుంది. ఇల్లు పూర్తయినా అది తీరదు. కాబట్టి మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వకముందే చేసుకోవలసిన పనులు రాస్తున్నాను.

మొదట దస్తావేజు తీయండి. కృష్ణగిరి, తిరువళ్లూరు వైపు పాత కుటుంబాల దగ్గర తాతలనాటి పత్రాలు తెలుగులో ఉంటాయి. తిరుత్తణి ప్రాంతం 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, అక్కడ ఇది మరీ సహజం. మన పిల్లలకు ఆ రాత చదవడం రాదు, అందువల్ల పట్టా ఒక్కటే చూసి పని మొదలుపెడతారు. పట్టాలో విస్తీర్ణం ఉంటుంది కానీ గోడ ఎవరిదో ఉండదు. దస్తావేజులో ఉండవచ్చు. 'తూర్పు గోడ సహా' అని ఉంటే ఆ గోడ మీది. 'ఉమ్మడి గోడ' అని ఉంటే దాని మీద మీరొక్కరే కొత్త వరుస లేపడానికి లేదు, అవతలివాళ్ల ఒప్పుదల కావాలి. చూరు నీళ్లు ఎటు పడాలో, నడక దారి ఎవరికో కూడా కొన్నింటిలో రాసి ఉంటుంది.

కొలతల దగ్గర జాగ్రత్త. మూర అంటే సుమారు అడుగున్నర. అంకణం మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు, ఒక ఊళ్లో 36 చదరపు అడుగులైతే ఇంకో ఊళ్లో 72. కొలతకూ హద్దులకూ పొంతన లేనప్పుడు, హద్దులు స్పష్టంగా ఉంటే కోర్టులు మామూలుగా హద్దులకే విలువ ఇస్తాయి. "మా పత్రంలో ఇరవై మూరలు ఉంది, ఇక్కడ పంతొమ్మిదే వచ్చింది" అని పక్కింటి గోడ కొట్టే హక్కు దానివల్ల రాదు.

తర్వాత సర్వే. తాలూకా ఆఫీసులో రుసుము కట్టి హద్దులు కొలిపించమని అర్జీ పెట్టాలి. ఎఫ్‌ఎంబీ నక్షా నకలు తీసుకోవాలి. గ్రామ నత్తం స్థలాల్లో, అంటే ఊరి ఇళ్ల స్థలాల్లో, గోడలు వంకరగా ఉంటాయి, రాళ్లు ఎప్పుడో పోయి ఉంటాయి. అక్కడ ఇది మరీ ముఖ్యం. సర్వేయర్ వచ్చే రోజు పక్కింటివాళ్లకు ముందే చెప్పి వాళ్లను నిలబెట్టి కొలిపించండి. వాళ్లు లేనప్పుడు కొలిపించిన కొలత ఎంత సరైనదైనా వాళ్లు ఒప్పుకోరు. మనమైనా ఒప్పుకోం.

ప్లాను అనుమతి గురించి ఒక అపోహ ఉంది. కార్పొరేషన్ ముద్ర పడితే స్థలం మనదని తేలిపోయినట్టు అనుకుంటారు. అనుమతి కట్టడానికే, హక్కును అది తేల్చదు. తమిళనాడులో 2024 జూలై నుంచి 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు ఇంటికి సొంత ధృవీకరణ మీదే ఆన్‌లైన్లో అనుమతి ఇస్తున్నారు. మీ పని దాని కిందికి వస్తుందో లేదో ఇంజినీరును అడగండి. వస్తే సౌకర్యమే, కానీ కాగితంలో రాసిన ప్రతి కొలతకూ పూచీ మనదవుతుంది.

ఇక అవతలివాళ్ల భయాలు. వీటిలో కొన్ని నిజమైన భయాలే, చట్టం కూడా వాటిని కాపాడుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట వర్తించిన ప్రాంతాల్లో మద్రాసు రాజధాని ఒకటి. దాని ప్రకారం పక్క నేలకు మన నేల ఇచ్చే ఆసరాను తీసేయకూడదు. ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా ఆ ఆసరా మీద నిలిచిన కట్టడానికీ ఈ రక్షణ దొరుకుతుంది. అందుకని పాత గోడ పక్కన పొడవునా ఒకేసారి కందకం తవ్వకండి. ఒక గుంట తవ్వి, కాంక్రీటు వేసి, మట్టి పూడ్చాక దాని పక్కది తవ్వాలి. హద్దు మీద పిల్లరు వస్తే దాని ఫుటింగు భూమి కింద అవతలికి పోకుండా స్ట్రాప్ బీముతో లోపలి పిల్లరుకు కలపడం ఇంజినీరుకు తెలిసిన పనే. మేస్త్రికి వదిలేస్తే చేయడు. తవ్వకానికి ముందు పక్కింటి గోడల్లో ఇప్పటికే ఉన్న పగుళ్లను వాళ్లతో కలిసి తిరిగి ఫొటోలు తీసి, ఒక ప్రతి వాళ్లకూ ఇవ్వండి. రేపు కొత్త పగులు వస్తే అది మనదే, ఒప్పుకుని పూడ్పించాలి. పాతది మన నెత్తిన పడదు.

వెలుతురు విషయంలోనూ ఇరవై ఏళ్ల లెక్కే. పక్కింటి కిటికీకి అన్నేళ్లుగా అడ్డు లేకుండా వెలుతురు, గాలి వస్తుంటే ఆ హక్కు వాళ్లకు ఏర్పడుతుంది. అయితే కొంచెం మసకబారినంత మాత్రాన దావా నిలవదు. వాళ్లకు చెప్పుకోదగ్గ నష్టమో, ఉండటానికి ఇబ్బందో జరిగి ఉండాలి. మన కొత్త కిటికీ వాళ్ల పెరట్లోకి తెరుచుకుంటుందనే ఫిర్యాదుకు, ఆ ఊళ్లో అలాంటి ఆచారం ఉందని రుజువైతే తప్ప, కోర్టులో బలం తక్కువ. గొడవలో మాత్రం బలం చాలా ఎక్కువ. పెరట్లో ఆడవాళ్లు స్నానానికీ అంట్లకూ తిరిగేచోట ఎదురుగా కిటికీ పెట్టి "చట్టం మా వైపే ఉంది" అనడం మర్యాద కాదు. నిలబడినా కంటికి అందనంత ఎత్తులో వెంటిలేటర్ పెట్టుకుంటే గాలీ వస్తుంది, మాటా రాదు.

పని మొదలయ్యే ముందు ఇంటి ఆడవాళ్లు వెళ్లి చెప్పడం మంచిదని నా అభిప్రాయం. మగవాళ్లు వెళ్తే ప్లాను చూపిస్తారు. ఆడవాళ్లు "అక్కా, ఫలానా తేదీ నుంచి దుమ్ము ఉంటుంది, మీ బట్టలు మా మేడ మీద ఆరేసుకోండి" అంటారు. మిషన్ల మోత రాత్రి పెట్టుకోకండి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి.

ఇంత చేసినా కొందరు ఒప్పుకోరు. అప్పుడు భయం స్టే గురించి. సెంట్రింగు కొట్టి, కంబి కట్టి, మర్నాడు స్లాబ్ అనగా కోర్టు ఆర్డరు వస్తే కూలీ, అద్దె సామాను అన్నీ మన మీదే. దీనికి ముందు జాగ్రత్త కేవియట్. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 148ఏ సెక్షన్. పక్కవారు దావా వేసి మధ్యంతర ఉత్తర్వు అడిగితే మనకు నోటీసు ఇచ్చాకే వినాలని కోర్టును ముందే కోరుకోవడం. దాని నోటీసును వాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అది 90 రోజులే ఉంటుంది, పని సాగితే మళ్లీ వేసుకోవాలి. పోస్టు అందగానే వాళ్లు మండిపడతారనేదీ నిజం. కాబట్టి మాటలతో పోయే అవకాశం ఉన్నంతవరకూ వేయకండి. వాళ్లు వకీలు దగ్గరికి వెళ్లారని తెలిశాక ఆగకండి.

స్టే వచ్చిందే అనుకోండి. రాత్రికి రాత్రి స్లాబ్ వేసేయమని సలహా ఇచ్చే బంధువు ఒకడు ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆ ఉత్తర్వు మీరితే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. వెళ్లవలసిన దారి వేరే. కమిషనరును వేసి స్థలం చూపించమని అడగవచ్చు. మనం కొలిపించిన సర్వే, తీసిన ఫొటోలు అక్కడ పనికొస్తాయి. మన మాట వినకుండా ఇచ్చిన స్టే అయితే దాని మీద విచారణ 30 రోజుల్లో ముగించేందుకు కోర్టు ప్రయత్నించాలని నియమం ఉంది, వకీలుకు అది గుర్తుచేయండి.

పోలీసు స్టేషను హద్దు తేల్చే చోటు కాదు. కొట్టినా, బెదిరించినా వెళ్లండి, సీఎస్ఆర్ రసీదు తీసుకోకుండా రాకండి. అడుగు స్థలం కోసం వెళ్తే ఇద్దరినీ కూర్చోబెట్టి సంతకాలు పెట్టించి పంపుతారు, ఆ సంతకం తర్వాత ఇబ్బంది పెడుతుంది.

రాజీ కావాలంటే కోర్టు ఆవరణలో 'వట్ట సట్టప్పణిగళ్ కుళు' అని బోర్డు ఉంటుంది. దావా వేయకముందే అక్కడ అర్జీ ఇవ్వవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇల్లు అమ్మగారి పేరున ఉంటే ఇది గుర్తుంచుకోండి.

భాష విషయానికి మళ్లీ వస్తాను. గొడవ ముదిరితే "మీ ఊరికి పో" అనే మాట వస్తుంది. మూడు వందల ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లకు అది గునపంలా దిగుతుంది, నాకు తెలుసు. అయినా హద్దు అర్జీలో ఆ మాట రాయకండి. రాస్తే సర్వేయర్ బల్ల మీద నాలుగు రోజుల్లో తేలే ఫైలు శాంతిభద్రతల ఫైలు అయి ఎక్కడెక్కడో తిరుగుతుంది. నిజంగా గుంపు కట్టి వచ్చి బెదిరిస్తే అది నేరం, దానికి వేరే కాగితం, వేరే ఫిర్యాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వవచ్చు, ఆ హక్కు పోగొట్టుకోవద్దు. కానీ గోడ విషయంలో నా సలహా తమిళంలోనే రాయమని. చదవవలసింది పక్కింటాయన కూడా. అలాగే ఇలాంటి పనికి సంఘం బోర్డు పట్టుకుని పదిమందిని వెంటబెట్టుకు రమ్మంటే మేము రాము. ఒకరిద్దరు పెద్దలు వస్తారు. వీధిలో అవతలివాళ్లు గౌరవించే పెద్దను కూడా పిలవమని అడుగుతారు.

పేర్లు వేరైనా ఇతర రాష్ట్రాల్లోనూ వరుస ఇదే. కర్ణాటకలో ఖాతా పత్రంతో పాటు హద్దుబస్తుకు అర్జీ పెట్టుకోవాలి. మహారాష్ట్రలో భూమి అభిలేఖ్ ఆఫీసులో మోజణీ, పట్టణాల్లో ప్రాపర్టీ కార్డు. ఒడిశాలో తహశీల్ ఆఫీసు ద్వారా హద్దుల కొలత. కేవియట్, లోక్ అదాలత్ యానాంతో సహా అన్నిచోట్లా ఉన్నవే.

తెలుగు దస్తావేజు చదవడం కష్టమైతే ఆదివారం ఉదయం మా సంఘానికి తీసుకురండి, చదివి తమిళంలో రాసిస్తాము. జిరాక్సు చాలు, అసలు పత్రం ఇంటి నుంచి కదపకండి.