కుక్కను కట్టే గొలుసు

పల్లెల్లో కుక్క లేని వీధి ఉండదు. కళ్లము కాపలాకైనా, కోళ్ల గూటికైనా, రాత్రివేళ అలికిడి తెలియడానికైనా దాని అవసరము ఉన్నది. మేమును ఒకదానిని పెంచుతున్నాము. కిందటి వర్షాకాలములో ఒక సాయంత్రం అది కట్టు తప్పించుకొని, వీధిలో ఆడుకొంటున్న పొరుగింటి బాబు పిక్క పట్టుకొన్నది. వెంటనే గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పావుగంట సేపు కడిగి ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. మా కుక్కకు ఏటేటా టీకా వేయిస్తూనే ఉన్నాము. అయినను పిచ్చికుక్క రోగపు లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము గనుక, డాక్టరుగారు చెప్పిన సూదులన్నీ వేయించాము. బాబు క్షేమముగా ఉన్నాడు. వాళ్లమ్మ మాత్రం చాలా రోజులు మా గుమ్మం వైపు చూడలేదు. ఆమెను ఎలా తప్పు పట్టగలము?

కుక్కను చంపించమన్నవారున్నారు. ఇంకా లావు గొలుసు వేయమన్నవారున్నారు. నిజానికి గొలుసు లావుగానే ఉన్నది, తెగనూ లేదు. తెల్లవారి చూస్తే అది గుంజకే వేలాడుతున్నది. మెడపట్టెకు తగిలించే స్ప్రింగు కొక్కెం మాత్రం రెండు ముక్కలైంది. విరిగినచోట బూడిదరంగుగా, గరుకుగా, బెల్లపు గడ్డ విరిగినట్టున్నది. పైన మెరుగు పూత, లోపల జింకు పోత. చవకగా వచ్చిందని సంతలో కొన్నది మేమే.

అప్పటినుండి ఇటువంటివి కొనడానికి వెళ్లినప్పుడు ఒక చిన్న అయస్కాంతము, ఒక ఆకురాయి వెంట తీసుకొని వెళుతున్నాము. అయస్కాంతం గట్టిగా అంటుకొంటే ఇనుమో ఉక్కో అనుకోవచ్చు. అంటుకోకపోతే కనబడని చోట ఆకురాయితో ఒక్క గీత గీయాలి (దుకాణదారుని అడిగే సుమా!). లోపల పసుపుగా కనిపిస్తే ఇత్తడి. అది తుప్పు పట్టదు, వాన తగిలే వాకిలికి మంచిది. బూడిదరంగు పొడి సులువుగా రాలితే జింకు పోత. దానిని అక్కడే వదిలి రండి. స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా అయస్కాంతానికి అంటని రకమున్నది గాని, అది ఆకురాయికి అంత తేలికగా లొంగదు.

గొలుసు లంకెలను ఒక్కొక్కటే చూడండి. నోరు అతుకు వేసి మూసినవే కావాలి. ఊరకే వంచి మూసిన లంకె రోజూ గుంజులాటకు కొద్దికొద్దిగా తెరుచుకొంటుంది. చివర పాము మెలికవంటి కొక్కెముంటే దానికీ అదే గతి. కుక్క నిలబడి లాగే బలం వేరు. పరుగున వచ్చి గొలుసు చివర ఒక్కసారిగా ఆగినప్పటి కుదుపు వేరు. ఆ కుదుపు దాని బరువుకు కొన్ని రెట్లుంటుంది. మెడపట్టె కడియాన్ని, గుంజకు దిగగొట్టిన కొక్కేన్ని కూడా ఈ లెక్కతోనే చూడాలి.

అయితే భయపడి ఎద్దులను కట్టే గొలుసు తగిలించకండి. మన ఊరకుక్కకు 4 మిల్లీమీటర్ల మందం గల అతుకు గొలుసు చాలును. అంతకు మించిన బరువు దాని మెడను పుండు చేస్తుంది. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కూడా, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో చాలాసేపు కట్టి ఉంచుట నేరమంటున్నది. ఎప్పుడూ కట్టివుండే కుక్కను తగినంత తిప్పకపోవుట కూడా అందులో నేరమే. ఈ సంగతి మాకూ ఆలస్యంగానే తెలిసింది.

మరొక మాట. గొలుసు మెలిపడి కుక్కకు ఉరి కాకుండా, గిర్రున తిరిగే కడియం రెండు చివరలా ఉండాలి. ప్రహరీ గోడ పక్కన కట్టవద్దు, దూకి అవతల వేలాడితే ప్రాణం పోతుంది. గుంజ చుట్టూ తిరిగి గొలుసు పొట్టిదై, నీళ్ల ముంత అందక ఎండలో పడివున్న కుక్కలను మేము చూచాము. అందుకే మేము రెండు స్తంభాల మధ్య, తలకు తగలనంత ఎత్తున బలమైన జి.ఐ. తీగ లాగి, దానిమీద జారే కడియానికి గొలుసు వేశాము. స్తంభాలకు మూడడుగుల ఇవతలే కడియం ఆగేటట్లు తీగకు బిగింపులు పెట్టించాము. ఇప్పుడది నీడవైపుకు తానే నడుస్తుంది.

నెలకొకసారి అన్నీ చేతితో తడిమి చూస్తున్నాము. లంకెకు లంకె రాసుకొనేచోట అరుగుదల ఎక్కువ. మొన్న చూస్తే తిరిగే కడియంలో మట్టి, వెంట్రుకలు చేరి బిగుసుకొని ఉన్నది. పాత బ్రష్షుతో తోమి, ఒక చుక్క కుట్టుమిషను నూనె వేశాము.