పదకొండు నెలల కాగితం

కూకట్‌పల్లిలో ఫ్లాట్ కిరాయికిచ్చేవారైనా, విజయవాడ పటమటలో పైవాటా అద్దెకిచ్చేవారైనా అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయిస్తారు. ఎందుకని అడిగితే, ‘ఏడాది దాటితే అద్దెకున్నవాళ్లకి హక్కులొచ్చేస్తాయట’ అంటారు. ఆ భయానికి ఆధారం లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి; తెలుగు రాష్ట్రాల్లోనైతే 1999 సవరణ తర్వాత ఏ గడువు లీజుకైనా అది తప్పనిసరే. ఆ ఖర్చూ, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరుగుడూ తప్పించుకోవడానికి పట్టుకున్నదే ఈ పదకొండు. అంతకుమించిన మహత్తు దానికి లేదు. పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందన్నదీ అపోహే. మీ అనుమతితో అద్దెకు దిగినవారు, అద్దెకున్నంత కాలం అద్దెదారులే.

అసలు చిక్కు పన్నెండో నెలలో వస్తుంది. కాగితం గడువు తీరింది, కొత్తది రాయలేదు, ఒకటో తారీఖున ఫోన్‌పేలో అద్దె పడింది, మీరు కాదనలేదు. ఇక 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దృష్టిలో అది నెలనెలా సాగే అద్దె. వేరే ఒప్పందం లేకపోతే ఖాళీ చేయమని 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టే దిక్కు. కొన్ని ఇళ్లకు అద్దె నియంత్రణ చట్టాలూ వర్తిస్తాయి, అక్కడ దారి ఇంకా పొడుగు. కోపంకొద్దీ తాళం వేయడం, కరెంటు తీయించడం, నీళ్ల మోటారు ఆపడం మీ కేసునే చెడగొడతాయి. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోగా దావా వేసి అద్దెదారు తిరిగి ఆ ఇంట్లోనే దిగొచ్చు.

దావా నెలల్లో తేలదు. చేతిలో ఉన్న అడ్వాన్సేమో సాధారణంగా రెండు నెలలది. కాబట్టి జాగ్రత్తంతా తాళంచెవి ఇవ్వకముందే పడాలి. ఆధార్, ఉద్యోగ గుర్తింపు కార్డు చూడటం సరే. నేనైతే పాత ఓనరుకి ఒక ఫోన్ చేస్తాను. అదీ ఇప్పటి ఓనరుకి కాదు, అంతకుముందు ఓనరుకి. ఇప్పటాయన వదిలించుకునే తొందరలో ‘బంగారంలాంటి మనిషి’ అనేయొచ్చు.

అలాంటి మంచి మనిషి నిజంగానే దొరికితే ఏటా పెంపు కోసం పట్టుబట్టి పోగొట్టుకోకండి. 15,000 అద్దెపై 5 శాతమంటే నెలకు 750. ఆయన వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే, పోయిన 15,000 ఆ పెంపుతో పూడటానికి 20 నెలలు పడుతుంది. సున్నాలూ రంగులూ అదనం.

అద్దె ఏడాదికి లక్ష దాటితే, ఇంటద్దె భత్యంపై మినహాయింపు కోరే ఉద్యోగి మీ పాన్ నంబరు అడుగుతాడు. చాలామంది ఓనర్లు అక్కడే మొహం చాటేస్తారు. అంత బెదరాల్సిన పని లేదు. ఏడాది అద్దె 1,80,000, మీరు కట్టిన ఇంటిపన్ను 6,000 అనుకుందాం. మిగిలిన 1,74,000లో 30 శాతం, అంటే 52,200, ఏ రిపేరు బిల్లూ చూపకుండానే తీసేస్తారు. ఆదాయంగా లెక్కకొచ్చేది 1,21,800 మాత్రమే. బ్యాంకు అప్పుంటే దాని వడ్డీ కూడా ఇందులోంచి తగ్గుతుంది.

గొడవలెక్కువ పెయింటింగ్ దగ్గరే. ఒక నెల అద్దె పట్టుకుంటామని దిగేటప్పుడు నోటిమాటగా అనడం, ఖాళీ చేసేటప్పుడు వాదులాడుకోవడం మామూలే. ఎంత కోస్తారో కాగితంలోనే రాయండి. రెండేళ్లు దాటి ఉంటే కోత లేదని రాయడం న్యాయం, రంగు ఎలాగూ వెలిసేదే. దిగిన రోజునే గోడలు, సింకు, కరెంటు మీటరు రీడింగు ఫోటోలు తీసి వాళ్ల వాట్సాప్‌కి పంపండి.