సినిమా ఒకటి.. యాప్‌లు రెండు!

2022 మే 20. ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఓటీటీలోకి వచ్చిన రోజు. పీజీ రూమ్‌లో నేను, నా బిహారీ రూమ్మేట్ రెడీ. తీరా చూస్తే తెలుగు జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో! సినిమా ఒక్కటే, కట్టాల్సింది మాత్రం రెండు చోట్ల. ఇంతలో పక్క రూమ్ వాడు టెలిగ్రామ్ లింక్ పంపాడు. చూసేశాం.

తప్పే, ఒప్పుకుంటా. ఆ సినిమాకి చెమటోడ్చిన వాళ్లకి మా నుంచి పైసా కూడా అందలేదు.

కానీ 2024 ఏప్రిల్‌లో జియోసినిమా ప్రీమియం నెలకి 29 రూపాయలే అనగానే, ఇద్దరం మారుమాట్లాడకుండా కట్టాం. అంటే మాకు ఫ్రీ పిచ్చి కాదు, జేబుకి తగ్గ ధర కావాలంతే. ఒక్కో సినిమాకి ఒక్కో ‘ఎక్స్‌క్లూజివ్’ గోడ కడుతూ పోతే, గోడ దూకేవాళ్లే పెరుగుతారు. మీరేమంటారు?