సివిల్ సీటు వచ్చిందని దిగులెందుకు?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే మా వీధిలో నాకు గిరాకీ పెరుగుతుంది. పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కదా! మొన్న బైకు మెకానిక్ ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. "సార్, మావోడికి సివిల్ వచ్చిండాది. ఇంకో రౌండు చూసి కంప్యూటర్స్‌కి మార్చేస్తే మేలు కదా సార్?" అన్నాడు. నీకేమనిపిస్తోందని పిల్లవాణ్ణి అడిగితే, "ఎండలో ఇటుకలు లెక్కపెట్టే పనంట కదా సార్" అన్నాడు. ఎండ మాట నిజమే. ఇటుకల మాటే అబద్ధం.

సివిల్‌లో చదివేది చాలావరకు కంటికి కనబడని వాటి గురించి. కట్ట లోపల నీళ్లు ఎటు పోతున్నాయి, దూలంలో బరువు ఎటు దిగుతోంది, పునాది కింద నేల ఎంత మోస్తుంది అన్నవే అసలు పాఠాలు. వాటికి ఉదాహరణలు కావాలంటే మా తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు దూరం పోనక్కర్లేదు.

2021 నవంబరు వానలు ఇక్కడెవరూ మరిచిపోరు. రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువు మొరవ పోతే మనకు పండగ. ఎక్కువైన నీళ్లు దారిన పడి పోతాయి కాబట్టి కట్టకూ మేలే. భయపడాల్సింది కట్ట లోపలి ఊటను చూసి. నీరు మట్టి సందుల్లోంచి అవతలికి ఊరుతూ, బయటపడే చోట రేణువు రేణువునే లాక్కుపోతుంది. అక్కడ పడిన చిన్న బొక్క వెనక్కి, చెరువు వైపుకు పెరుగుతూ పోతుంది. పుస్తకాల్లో దీన్నే పైపింగ్ అంటారు. ఊట తేటగా ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బురదగా వస్తోందంటే కట్ట కరుగుతున్నట్టే. తొందరపడి ఆ బొక్కను బంకమట్టితో బిగిస్తే నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి. అందుకని ముందు ఇసుక, దానిమీద సన్నకంకర, ఆపైన పెద్దకంకర వేస్తారు. నీళ్లు పోతాయి, మట్టి నిలుస్తుంది. ఏ తరగతిలో ఈ పాఠం చెప్పినా చెరువు కింద పొలమున్న పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్లు.

శ్రీకాళహస్తిది ఇంకో పాఠం. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. పగుళ్లు అంతకు ఏళ్ల ముందునుంచే కనిపిస్తున్నాయి. పగులు కనబడగానే సిమెంటు మెత్తడం మనకు అలవాటు. ఇంజనీరు ముందు దానికి అడ్డంగా ఓ గాజుపలక అంటిస్తాడు. ఆ పలక పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. పగులు పైన వెడల్పా, కింద వెడల్పా అన్నది చూసి, పునాది ఏ మూల కుంగిందో ఊహిస్తాడు. అదే చోట కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది.

ఇంత పెద్ద కట్టడమంటే మొదట నేలను అడగాలి. బోరుగుంతలో గొట్టం దించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి దానిమీద పదేపదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయన్నదే నేల చెప్పే జవాబు. ఇల్లు కట్టేవాళ్లలో చాలామంది ఈ ఖర్చును దండగ అనుకుంటారు. గేటుకు గ్రానైటు మాత్రం వేయిస్తారు!

ఆర్కిటెక్చర్, సివిల్, కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ మూడూ ఒకటేనా అని అడుగుతుంటారు. ఇంట్లో మెట్లు ఎక్కడ రావాలి, గాలి ఎటునుంచి ఆడాలి అన్నది ఆర్కిటెక్టు చూస్తాడు. ఆ మెట్లను మోసే దూలం లోతెంత, కమ్మీ ఎంత అన్నది సివిల్ ఇంజనీరు లెక్క కడతాడు. మూడోవాడి తలనొప్పి వేరు. 4.5 మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబుకు కింది ఆధారాలు మామూలు సిమెంటుతో కనీసం 7 రోజులు, అది దాటితే 14 రోజులు ఉంచాలని మన ఐఎస్ కోడ్ చెబుతుంది. సెంట్రింగ్ సామాను అద్దె రోజురోజుకీ పెరుగుతుంటుంది, ఇంకో సైటువాడు దానికోసం కాచుకుని ఉంటాడు. అయినా రోజు ముందుగా విప్పనివ్వకుండా, మిగతా పనులు ఆగకుండా నడిపించడమే మేనేజ్‌మెంట్. చంద్రగిరి రాజమహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినవాళ్లకు ఈ మూడు విద్యలూ వేర్వేరుగా ఉండి ఉండవని నా అనుమానం.

చదువు సంగతికొస్తే, బీటెక్ నాలుగేళ్లు, బీఆర్క్ ఐదేళ్లు. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులోకి పోవచ్చు. నన్నడిగితే చేతిపని బాగా పట్టుబడేది ఈ దారిలోనే. తిరుపతిలో ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ 1959 నుంచి ఉంది. ఏర్పేడు దగ్గరి ఐఐటీ 2015లో మొదలైంది. మేనేజ్‌మెంట్ మాత్రం సైటులో కొన్నాళ్లు మట్టి తొక్కాకే చదవమంటాను. తొలి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాదు, ఆ మాట దాచను.

ఆ తండ్రికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. కాలేజీ చూడ్డానికి పోతే ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు చూసి వచ్చేయకండి. ల్యాబు తలుపు తీయించండి. కాంక్రీటు క్యూబులు నలిపే మిషన్ పనిచేస్తోందా అని అడగండి. 15 సెంటీమీటర్ల ఎం20 క్యూబు 28 రోజులు నీళ్లలో నానాక దాదాపు 45 టన్నుల బరువుకు తట్టుకోవాలి. ఆ పరీక్ష పిల్లలు స్వయంగా చేస్తున్న కాలేజీ అయితే నిశ్చింతగా చేర్పించండి. మిషన్ మీద దుమ్ము పేరుకుని ఉంటే, ఇంకో కాలేజీ చూసుకోండి.