మీకు తెలుసా? జేబులో ఇంకో కంప్యూటర్

కంప్యూటర్ ఆన్ చేయగానే అది విండోస్ కోసం వెతకదని మీకు తెలుసా? మదర్‌బోర్డు మీద కూర్చున్న ఒక చిన్న ప్రోగ్రాం ముందు నిద్ర లేస్తుంది. తనకు తగిలించిన డ్రైవ్‌లను ఒక వరసలో తడుముకుంటూ పోతుంది. ఆ ప్రోగ్రాం పాతదైతే బయాస్, కొత్తదైతే యూఈఎఫ్ఐ. పాత బయాస్ యంత్రాలైతే ఒక్కో డ్రైవ్‌లో మొదటి 512 బైట్లు చదివి, చివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉన్నాయా అని చూస్తాయి. ఆ గుర్తు కనిపిస్తే పగ్గాలు ఆ డ్రైవ్‌కే ఇచ్చేస్తాయి. కొత్త యూఈఎఫ్ఐ యంత్రాలు ఆ గుర్తుకు బదులు ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ కోసం చూస్తాయి. ఆ డ్రైవ్ పెట్టె లోపల బిగించిందా, యూఎస్‌బీ పోర్టులో గుచ్చిందా అన్న పట్టింపు రెండింటికీ లేదు.

ఈ సంగతి తెలిసి ఉండటం ఎంత పనికొస్తుందో పోయిన వేసవిలో మా వీధిలోనే చూశాను. తిరుపతిలో ఎండలు మండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, పక్కింటి పెద్దమ్మ వాళ్ల పాత డెస్క్‌టాప్‌లో అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక విండోస్ లేవలేదు. నీలం తెర, దాని మీద నాలుగు ముక్కల ఇంగ్లీషు, అంతే. షాపుకు తీసుకెళ్తే ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ ఎక్కించాలి, లోపలున్నవి పోతాయి అన్నారట. ఆమె కంప్యూటర్ కోసం బాధపడలేదు. తెలుగు మాస్టారుగా పనిచేసి మూడేళ్ల కిందట కాలం చేసిన పెదనాయన, మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పద్యాలు చదువుతున్న వీడియోలు అందులో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

"అన్నీ పోయినట్లేనా నాయనా?" అని అడిగింది.

"యాడికీ పోలేదు పెద్దమ్మా, ఉండు" అన్నాను. నిజానికి నాకూ లోపల భయంగానే ఉంది. విండోస్‌లాంటి మరో సిస్టం లినక్స్ మింట్‌ను ఎక్కించి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ తెచ్చి వెనక పోర్టులో పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కాను. డ్రైవ్‌ల జాబితా వచ్చింది. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో కొత్త తెర పరుచుకుంది. విండోస్ చెడిపోయినా హార్డ్‌డిస్క్ చెడిపోలేదు. ఫోల్డర్లన్నీ పెట్టిన చోటే ఉన్నాయి. విండోస్ సరిగా ఆగనందున ఆ డిస్క్ చదవడానికి మాత్రమే తెరుచుకుంది, రాయడానికి కుదర్లేదు. మాకు కావాల్సింది చదవడమే. వీడియోలన్నీ ఇంకో డ్రైవ్‌లోకి చేరేసరికి సాయంత్రమైంది. ఒకటి తెరిచి చూపించాను. గొంతు వినబడగానే పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. డిస్క్ నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే మాత్రం ఈ పని చేయకండి. అది యంత్రభాగం దెబ్బతిన్న గుర్తు. ఆపేసి, డేటా తీసేవాళ్ల చేతిలో పెట్టడమే క్షేమం.

హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా ఇంత పెద్ద సిస్టం ఎలా నడుస్తుంది? పెన్‌డ్రైవ్‌లో అది గట్టిగా కుదించిన ఒకే మూటగా ఉంటుంది. అవసరమైన ముక్కను అప్పటికప్పుడు విప్పి ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. మనం చేసే మార్పులూ ర్యామ్‌లోనే ఉంటాయి, ఆపేస్తే చెరిగిపోతాయి. తిరుమలలో గది తీసుకున్న యాత్రికుడిలాంటిదన్న మాట: సంచీతో వస్తాడు, స్నానం చేసి దర్శనానికి వెళ్తాడు, మర్నాడు తాళం అప్పజెప్పి కొండ దిగుతాడు, గది గదిలాగే ఉంటుంది. మన ఫైళ్లు, సెట్టింగులు పెన్‌డ్రైవ్‌లోనే నిలవాలంటే, తయారుచేసేటప్పుడే అందులో కొంత చోటు విడిగా కేటాయించుకోవాలి.

ఇదేదో కొత్త విద్య అనుకుంటే పొరపాటు. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో హార్డ్‌డిస్కే లేదు. అప్పటి సిస్టం డాస్‌ను ఫ్లాపీ నుంచే ఎక్కించాలి. తర్వాత హార్డ్‌డిస్క్ ఇంటి యజమాని అయింది, మనం ఫ్లాపీని మరిచిపోయాం. సీడీ నుంచి కంప్యూటర్‌ను లేపే పద్ధతికి 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి ఒక ప్రమాణం తయారుచేశాయి. దాని పేరు ఎల్ టొరిటో. కాలిఫోర్నియాలో ఆ పేరున్న మెక్సికన్ హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు పుట్టిన ఆలోచన కాబట్టి ఆ పేరు పెట్టారని చెబుతారు. 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ క్నోపర్ దాదాపు 2 జీబీల సాఫ్ట్‌వేర్‌ను 700 ఎంబీల సీడీలోకి కుదించి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే క్నాపిక్స్ అనే లినక్స్‌ను ఇచ్చాడు. అదే ఏడాది చివర్లో ఐబీఎం అమెరికాలో అమ్మిన తొలి పెన్‌డ్రైవ్‌లో పట్టేది 8 ఎంబీలే. ఇప్పుడు మామూలుగా దొరికే 16 జీబీది దానికి రెండు వేల రెట్లు.

2005 నుంచి 2011 దాకా ఉబుంటు అనే లినక్స్ సీడీని, అడిగితే చాలు, పైసా తీసుకోకుండా ప్రపంచంలో ఎక్కడికైనా పోస్టులో పంపేవారు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి చదువుకునే విద్యార్థికి 700 ఎంబీల డౌన్‌లోడ్ తలకు మించిన భారం. హాస్టల్ గదిలో ఆ కవరు చింపిన రోజు నాకింకా గుర్తుంది. ఒకే సీడీ మా అంతస్తంతా తిరిగింది.

తెలుగు సంగతికి వస్తే, స్వేచ్ఛ సంస్థ 2005లోనే మెనూలు, ఆదేశాలు తెలుగులో కనిపించే లినక్స్‌ను విడుదల చేసింది. చెన్నైలోని సీడాక్ సంస్థ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. నగరి దాటి తిరుత్తణి వైపు వెళ్తే, 2011లో మొదలైన తమిళనాడు ఉచిత లాప్‌టాప్ పథకం కింద వచ్చిన యంత్రాల్లో విండోస్ పక్కనే ఈ బాస్ కూడా ఉండేది. అక్కడి తెలుగు పిల్లలెందరో ఒకే యంత్రంలో రెండు సిస్టంలు చూస్తూ పెరిగారు. ఇంకొకటి: డెబియన్, ఉబుంటు లినక్స్‌లు అందించే తెలుగు ఖతుల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఉన్నాయి. లోహిత్ తెలుగు కూడా ఉంది. దాని వెనకున్న కంపెనీ రెడ్ హ్యాట్, లోహితం అంటే ఎరుపు.

పెద్దమ్మ ఫైళ్లు నేను తెరిచినప్పుడు, విండోస్ పాస్‌వర్డ్ నన్నెవరూ అడగలేదు. ఇది అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డ్ విండోస్ గుమ్మానికే కాపలా. పెన్‌డ్రైవ్‌తో వచ్చినవాడు ఆ గుమ్మంలోంచి రాడు. హాస్టల్లో, ఆఫీసులో లాప్‌టాప్ వదిలి వెళ్లేవాళ్లకు డిస్క్‌ను గుప్తీకరించడం ఒక్కటే రక్ష. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్ అనే గుప్తీకరణ ముందే పనిచేస్తుంటుంది. అందుకే ముందుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ సెట్టింగులు మారితే యంత్రం దాన్ని అడుగుతుంది. అది లేకపోతే దొంగకే కాదు, మీకూ తలుపు తెరుచుకోదు.

మైక్రోసాఫ్ట్ కూడా 2012లో విండోస్ 8తో పాటు విండోస్ టు గో పేరుతో యూఎస్‌బీ నుంచి నడిచే విండోస్‌ను సంస్థలకు ఇచ్చి, తర్వాత ఆపేసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతూ ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని పాత సామాన్లకు వేసేముందు, పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టి వారం రోజులు వాడి చూడమని నా మనవి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయడమే.

ఇలాంటి పెన్‌డ్రైవ్ తయారీలో అందరూ చేసే తప్పు ఒకటుంది. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలును పాటలు కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లో వేస్తారు. అలా చేస్తే అది లేవదు. రూఫస్, ఎచర్ లాంటి ప్రోగ్రాంతో రాయాలి. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి చెరిగిపోతాయి. మింట్‌కు సుమారు 3 జీబీ చాలు, 8 జీబీ డ్రైవ్ సరిపోతుంది. రోజూ వాడాలనుకుంటే పెన్‌డ్రైవ్ నత్తనడక నడుస్తుంది, బయట తగిలించే ఎస్ఎస్‌డీ కొనుక్కుని యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టండి. వైఫై కనిపించకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది.

ఇదంతా కంప్యూటర్ బాగున్నప్పుడే చేసి పెట్టుకోవాలి, చెడిపోయాక పెన్‌డ్రైవ్ రాయడానికి ఇంకొకరి ఇంటికి వెళ్లాలి. నొక్కాల్సిన మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో అయితే ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌లకు ఎస్కేప్. పెద్దమ్మ ఇంట్లో సీపీయూ మీద ఇప్పుడు తెల్ల కాగితం ముక్క ఒకటి అతికించి ఉంది. మనవరాలి చేతిరాతలో, "ఎఫ్12, పెన్‌డ్రైవ్ బీరువాలో" అని.